షాటో డికెమ్ వైన్ కొనాలన్నా, దాచాలన్నా: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోనో లండన్‌లోనో ఉంటూ మంచి వైన్ దాచడం మొదలుపెట్టినవాళ్లకీ, హైదరాబాద్‌కో విజయవాడకో ఒక బాటిల్ తెచ్చుకుందామా అని ఆలోచిస్తున్నవాళ్లకీ పనికొస్తుందని రాసిన పేజీ ఇది. వైన్ గురించి బొత్తిగా తెలియకపోయినా ఫర్వాలేదు. ఒక మాట ముందే చెప్పేస్తాను: ఈ ఎస్టేట్ అంటే నాకు పక్షపాతం. పెట్టుబడి గురించిన ప్రశ్న దగ్గర మాత్రం దాన్ని పక్కన పెట్టే రాశాను.

షాటో డికెమ్ ఎక్కడుంది? ఏం చేస్తారు అక్కడ?

ఫ్రాన్స్‌లో బోర్డో నగరానికి ఆగ్నేయంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో సోటెర్న్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి గుట్ట మీద పాత కోట, దాని చుట్టూ వాలు మీద ద్రాక్షతోటలు. కోటనీ తోటనీ కలిపి షాటో డికెమ్ అంటారు. ఎస్టేట్ మొత్తం 113 హెక్టార్లు, మన లెక్కలో 280 ఎకరాలకు కాస్త తక్కువ. అందులో సుమారు 100 హెక్టార్ల పంటే వైన్‌లోకి వెళ్తుంది.

ఖరీదైన ఫ్రెంచ్ వైన్ అనగానే చాలామందికి ఎర్ర వైన్ గుర్తొస్తుంది. ఇది తెల్ల ద్రాక్షతో చేసే తీపి వైన్. తోటలో ఎక్కువ భాగం సెమియాన్ రకం, మిగతాది సావిన్యాన్ బ్లాంక్.

తీపి వైన్‌కి ఇంత ధరేమిటి? పంచదార కలిపితే సరిపోదా?

ఇందులో బయటి పంచదార ఒక్క గింజ కూడా ఉండదు. తీపంతా ద్రాక్షదే. ఆ తీపి రావడానికి పండుకి బూజు పట్టాలి. ధర వెనక కథంతా ఆ బూజుదే.

దాని పేరు బొట్రైటిస్ సినేరియా. చాలా పంటలకు శత్రువే. స్ట్రాబెర్రీ పండ్ల మీద బూడిదరంగు బొచ్చులా పట్టేది కూడా ఇదే. సోటెర్న్‌లో మాత్రం వాతావరణం దాన్ని అదుపులో ఉంచుతుంది. అక్కడ సిరాన్ అనే చిన్న ఏరు వచ్చి గారోన్ నదిలో కలుస్తుంది. చెట్ల నీడన పారే సిరాన్ నీళ్లు చల్లన, గారోన్ నీళ్లు అంతకన్నా వెచ్చన. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో రెండూ కలిసే చోట రాత్రిపూట పొగమంచు లేచి తెల్లారేసరికి తోటల్ని కప్పేస్తుంది. ఆ తేమకి బూజు పెరుగుతుంది. మధ్యాహ్నం ఎండ కాసి, గాలి వీచి అది మితిమీరకుండా ఆపుతుంది. వరసగా నాలుగు రోజులు ముసురు పట్టిందా, అదే బూజు కుళ్లుగా మారి పంట పోతుంది.

బూజు ద్రాక్ష తొక్కలోకి సన్నటి పోగులు దించి, కంటికి కనబడనంత చిన్న రంధ్రాలు చేస్తుంది. వాటిలోంచి పండులోని నీరు ఆవిరైపోతుంది. చక్కెర, పులుపు లోపలే చిక్కబడతాయి. పైగా బూజు తన వంతుగా కొన్ని కొత్త వాసనలు కూడా పుట్టిస్తుంది. ఆప్రికాట్, తేనె, నారింజ తొక్క, కుంకుమపువ్వు గుర్తొచ్చే వాసన అలా వచ్చిందే. మామూలు ద్రాక్షని ఎండబెట్టి తీసిన తీపి వైన్‌లో ఇవన్నీ ఇలా కలిసి రావు.

బూజు పట్టిన ద్రాక్షతో చేసింది తాగితే ఏమీ కాదా?

ఏమీ కాదు. జర్మనీలో, హంగరీలోని తోకాయ్‌లో కూడా ఈ బూజుతో వందల ఏళ్లుగా వైన్ చేస్తున్నారు. పండిన ద్రాక్షని చూస్తే మాత్రం నోట్లో పెట్టుకోబుద్ధి కాదు. ముడతలు పడి, ఊదారంగు తిరిగి, బూడిద పూసినట్టు ఉంటుంది.

కోత ఎలా ఉంటుంది? ఒక మొక్కకి ఎంత వైన్ వస్తుంది?

మొక్కకి ఒక గ్లాసు. ఎస్టేట్ వాళ్లు మొదటి నుంచీ చెప్పే లెక్క ఇదే. హెక్టారుకు సగటున 9 హెక్టోలీటర్లు, అంటే 900 లీటర్లు. సోటెర్న్ నిబంధనల ప్రకారం హెక్టారుకు 2,500 లీటర్ల దాకా తీసుకోవచ్చు. అనుమతి ఉన్నదాంట్లో సగం కూడా తీయట్లేదన్నమాట.

దిగుబడి ఇంత తగ్గడానికి ఒక కారణం నీరు ఆవిరవడం. రెండోది ఏరడం. తోటంతా ఒకేసారి బూజు పట్టదు. ఒకే గుత్తిలో కొన్ని పండ్లు సిద్ధంగా ఉంటాయి, కొన్ని పచ్చిగా ఉంటాయి, కొన్ని కుళ్లిపోతాయి. అందుకని కూలీలు చిన్న కత్తెరలతో సిద్ధమైన పండ్లే కోసుకుని వెళ్లిపోతారు. కొన్ని రోజులాగి మళ్లీ అదే వరసలోకి వస్తారు. మామూలుగా ఇలా ఐదారు విడతలు, కష్టమైన ఏడాదిలో పదికి మించి కూడా. కోత ఒక్కోసారి నవంబర్ దాటుతుంది. పని లేని రోజుల్లో కూడా మనుషుల్ని అందుబాటులో ఉంచుకోవాలి, వాళ్లకి జీతం ఇవ్వాలి. పత్తి తీత మూడు నాలుగు విడతలుగా చేసే రైతుకి ఈ ఖర్చు సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

కోసిన రసంలో చక్కెర ఎంత ఉంటుందంటే, మొత్తం పులిసిపోతే 20 శాతం ఆల్కహాల్ రావాలి. ఈస్ట్ 13.5 లేదా 14 శాతం దగ్గర అలసిపోయి ఆగిపోతుంది. మిగిలిన చక్కెరే తీపి, లీటరుకు సుమారు 120 నుంచి 150 గ్రాములు. తర్వాత కొత్త ఓక్ పీపాల్లో నిల్వ. పాత రోజుల్లో మూడేళ్లకు పైనే పీపాల్లో ఉంచేవారు, ఇప్పుడు అంతకన్నా తక్కువ.

కొన్ని ఏళ్లలో అసలు వైనే చేయరట, నిజమేనా?

నిజమే. 1910, 1915, 1930, 1951, 1952, 1964, 1972, 1974, 1992, 2012. ఈ పదేళ్లలో షాటో డికెమ్ పేరుతో తీపి వైన్ రాలేదు. పండిన కొద్దిపాటి పంట కూడా తమ పేరుకి తగదనుకుంటే పేరు లేకుండా బల్క్‌లో అమ్మేస్తారు. ఏడాది ఆదాయం దాదాపుగా వదులుకోవడమే.

ఈ జాబితా కొనేవాళ్లకి ఇంకో రకంగా ఉపయోగం. ఎవరైనా మీకు 1964 డికెమ్ అని తీపి వైన్ చూపిస్తే బేరం దాకా వెళ్లక్కర్లేదు.

1855 వర్గీకరణ అని అంటారు, అందులో దీని స్థానం ఏమిటి?

1855లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ అడిగితే బోర్డో దళారులు అక్కడి వైన్‌లకి తరగతులు కట్టారు. రుచి చూసి కట్టలేదు. అప్పటికి చాలా ఏళ్లుగా మార్కెట్‌లో పలుకుతున్న ధరని బట్టి కట్టారు. తీపి వైన్‌లలో మొదటి తరగతి పైన ఇంకో మెట్టు వేసి, దాని మీద డికెమ్‌ని ఒక్కదాన్నే పెట్టారు. ప్రీమియే క్రూ సుపీరియర్ అంటారు ఆ హోదాని. ఈనాటికీ అందులో ఇంకో పేరు చేరలేదు.

ఎస్టేట్ ఎవరిది?

ఈ ప్రాంతం 1453 దాకా ఇంగ్లండ్ రాజుల కింద ఉండేది. తర్వాత ఫ్రాన్స్ రాజు చేతికొచ్చింది. 1593లో జాక్ సోవాజ్ అనే స్థానికుడికి ఈ భూమి మీద హక్కు దక్కింది. 1711కల్లా ఆ కుటుంబం దీనికి పూర్తి యజమాని అయింది.

1785లో ఆ ఇంటి అమ్మాయి ఫ్రాన్స్వాజ్ జోసెఫీన్‌కి లూర్-సాలూస్ వంశపు లూయీ అమెదేతో పెళ్లయింది. మూడేళ్లకే ఆయన గుర్రం మీంచి పడి చనిపోయాడు. ఆమెకి అప్పటికి ఇరవై ఏళ్లు. మరుసటి ఏడాది ఫ్రెంచ్ విప్లవం. ప్రభువుల కుటుంబం కాబట్టి జైలుకి కూడా వెళ్లింది. అయినా ఎస్టేట్ చేజారనివ్వలేదు. 1851లో చనిపోయేదాకా తనే నడిపించింది. 1826లో ఆ రోజుల్లో పెద్ద ఖర్చనిపించే సెల్లార్, అంటే వైన్ నిల్వ చేసే గది, కట్టించింది. ఆమె పోయిన నాలుగేళ్లకి వచ్చింది 1855 హోదా. నా లెక్కలో ఆ హోదా ఆమెదే.

తర్వాత లూర్-సాలూస్ వంశం తరతరాలుగా నడిపింది. మొదటి ప్రపంచయుద్ధంలో కోటని సైనిక ఆసుపత్రిగా మార్చారు. 1968 నుంచి అలెగ్జాండ్ర్ ద లూర్-సాలూస్ బాధ్యత చూశారు. 1996లో కుటుంబంలోని కొందరు తమ వాటాలు లగ్జరీ కంపెనీ ఎల్‌వీఎమ్‌హెచ్‌కి అమ్మారు. ఆస్తి తగాదా కోర్టుకెక్కి 1999లో తేలింది. కంపెనీ యజమాని అయింది. 2004లో పియేర్ లూర్తోన్ పగ్గాలు అందుకున్నారు. పాత లేబుళ్ల మీద ఎస్టేట్ పేరు కింద లూర్-సాలూస్ అని కనబడేది ఈ వంశం పేరే.

థామస్ జెఫర్సన్‌కి దీనికి సంబంధం ఏమిటి?

అమెరికా అధ్యక్షుడు కాకముందు జెఫర్సన్ ఫ్రాన్స్‌లో ఆ దేశ రాయబారి. 1787 మేలో బోర్డో వచ్చాడు. ద్రాక్షతోటల గురించి, ధరల గురించి శ్రద్ధగా నోట్స్ రాసుకున్నాడు. మధ్యలో వ్యాపారులు కల్తీ చేస్తారన్న అనుమానంతో నేరుగా ఎస్టేట్‌కే ఉత్తరం రాసి 1784 వింటేజ్ (అంటే ఆ ఏడాది పంటతో చేసిన వైన్) 250 సీసాలు తెప్పించుకున్నాడు. 1790లో జార్జి వాషింగ్టన్ కోసం 30 డజన్లు, తన కోసం 10 డజన్లు ఆర్డర్ పెట్టాడు. ఇంతవరకూ రాతపూర్వక ఆధారం ఉంది.

మిగతా కథ ఇరవయ్యో శతాబ్దంలో మొదలైంది. హార్డీ రోడెన్‌స్టాక్ అనే జర్మన్ కలెక్టర్, పారిస్‌లో మూసేసిన ఒక నేలమాళిగలో జెఫర్సన్ సీసాలు దొరికాయని చెప్పాడు. వాటి మీద జెఫర్సన్ పొడి అక్షరాలు చెక్కి ఉన్నాయి. కొన్ని డికెమ్‌వి, కొన్ని వేరే ఎస్టేట్‌లవి. 1985 డిసెంబర్‌లో లండన్ క్రిస్టీస్ వేలంలో బోర్డోలోని ఇంకో ఎస్టేట్ లఫీత్‌ది, 1787 నాటిది అని చెప్పిన సీసాని ఫోర్బ్స్ కుటుంబం 1,05,000 పౌండ్లకి పాడుకుంది. దాన్ని దీపాల కింద ప్రదర్శనకి పెట్టారు. ఆ వేడికి బిరడా ఎండిపోయి వైన్‌లోకి జారిపోయింది.

అలాంటివే నాలుగు కొన్న అమెరికన్ వ్యాపారి బిల్ కోక్ తర్వాత ఆరా తీయించాడు. ఇవి జెఫర్సన్‌వని చెప్పే ఆధారమేమీ లేదని జెఫర్సన్ ఇల్లు మాంటిచెల్లోలోని పరిశోధకులు చెప్పారు. సీసా మీది అక్షరాలు కరెంటు పరికరంతో చెక్కినట్టు నిపుణులు తేల్చారు. 2006లో కోక్ కేసు వేశాడు. రోడెన్‌స్టాక్ మాత్రం ఆరోపణలు ఒప్పుకోలేదు.

సీసా తెరవకుండా వయసు చెప్పగలరా?

కొంతవరకు. 1945 నుంచి జరిగిన అణు పేలుళ్ల వల్ల సీజియం-137 అనే రేడియోధార్మిక మూలకం గాలిలో కలిసింది. అంతకుముందు ప్రకృతిలో అది లేదు. సీసాలోంచి వచ్చే గామా కిరణాల్ని కొలిస్తే వైన్‌లో అది ఉందో లేదో తెలుస్తుంది. ఉంటే అణుయుగానికి ముందుది కాదు. లేకపోతే ముందుది కావచ్చు. ఏ ఏడాదిదో మాత్రం ఈ పరీక్ష చెప్పదు. 1784 అని లేబుల్ వేసి 1920ల వైన్ పోస్తే పాస్ అయిపోతుంది. పైగా మనబోటివాళ్లం ఒక్కో బాటిల్‌కి గామా పరీక్ష చేయించలేం కదా. అందుకే కింది ప్రశ్న ముఖ్యం.

పాత బాటిల్ కొనేటప్పుడు ఏం చూడాలి?

మొట్టమొదట, అది ఇన్నాళ్లూ ఎక్కడ పడుకుందో అడగాలి. ఎవరు కొన్నారు, ఏ గోదాంలో ఉంచారు, ఎన్ని చేతులు మారింది, బిల్లులున్నాయా. అమ్మేవాడు ఈ ప్రశ్నలకి నీళ్లు నములుతుంటే వింటేజ్ ఎంత గొప్పదైనా వదిలేయండి. తగ్గింపు ధరకి ఇస్తానంటే ఇంకా త్వరగా వదిలేయండి.

తర్వాత సీసాలో వైన్ మట్టం. ముప్పై నలభై ఏళ్ల బాటిల్‌లో మెడ కింది దాకా దిగడం మామూలే. భుజం మధ్యకి దిగిందంటే బిరడా గాలి పీల్చిందని అనుమానించాలి. దీనికి రెండో వైపు కూడా ఉంది: వందేళ్ల బాటిల్‌లో మట్టం కొత్తదానిలా మెడ నిండా ఉంటే అది కూడా అనుమానమే. బిరడా మార్చి నింపినట్టు రికార్డు ఉంటే తప్ప నమ్మొద్దు.

డికెమ్ విషయంలో ఒక సౌకర్యం ఉంది. సీసా తెల్ల గాజు కాబట్టి రంగు బయటికే కనబడుతుంది. కొత్తది లేత బంగారు రంగు. ఇరవై ముప్పై ఏళ్లకి ముదురు బంగారం, తర్వాత రాగి, చాలా పాతది డికాషన్ రంగు. పదిహేనేళ్ల బాటిల్ అప్పుడే గోధుమరంగు తిరిగితే ఎక్కడో వేడికి మగ్గిందన్నమాట. ఒకే పెట్టెలోని పన్నెండు సీసాలు పన్నెండు రంగుల్లో ఉన్నా అంతే.

బిరడా మీద ఎస్టేట్ పేరు, ఏడాది ముద్రించి ఉంటాయి. బిరడా మీది రేకు కాస్త కోసి చూపించమని పెద్ద వేలం సంస్థల్ని అడగొచ్చు, అది తప్పేమీ కాదు. లేబుల్ చిరిగినా మరక పడినా నేను పెద్దగా పట్టించుకోను. తేమ ఉన్న సెల్లార్‌లో లేబుల్ పాడవుతుంది, బిరడా బాగుంటుంది. తాగడానికి కొనేవాళ్లకి ఇలాంటివే లాభం, ధర కూడా తగ్గుతుంది.

అత్యధిక ధర ఏ బాటిల్‌కి వచ్చింది?

2011లో 1811 వింటేజ్ బాటిల్ ఒకటి లండన్‌లో 75,000 పౌండ్లకి అమ్ముడుపోయింది. అప్పటికి తెల్ల వైన్ బాటిల్‌కి అదే ప్రపంచ రికార్డు. కొన్నది క్రిస్టియాన్ వానెక్ అనే ఫ్రెంచ్ సొమెలియర్, అంటే రెస్టారెంట్‌లో వైన్ సంగతి చూసే నిపుణుడు. బాలిలోని తన రెస్టారెంట్‌లో ప్రదర్శనకి పెడతానన్నాడు. 1811లో ఆకాశంలో పెద్ద తోకచుక్క నెలల తరబడి కనబడింది. ఆ ఏడాది యూరప్‌లో పంట బాగా పండడంతో తోకచుక్క వైన్ అన్న పేరు పడింది.

అంతకు చాలా ముందే, 1859లో రష్యా చక్రవర్తి తమ్ముడు కాన్‌స్టాంటిన్ 1847 వింటేజ్ పెద్ద పీపా ఒకదానికి 20,000 బంగారు ఫ్రాంకులు ఇచ్చాడు.

ఏ వింటేజ్‌లు మంచివి?

పాతవాటిలో 1921, 1937, 1945, 1947, 1967 పేర్లు ఎక్కువగా వినబడతాయి. 1988, 1989, 1990 వరసగా మూడూ మంచివే. 2001కి అమెరికన్ వైన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ వందకి వంద ఇచ్చాడు. దాంతో ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. 2009, 2015 కూడా గొప్పవి. మొదటిసారి కొనేవాళ్లకి నా సలహా ఏమిటంటే, పేరుమోసిన ఏడాది బాటిల్ ఒకటి కొనే బదులు పెద్దగా పేరు రాని ఏడాది సగం సీసాలు, అంటే 375 మిల్లీలీటర్లవి, రెండు కొనండి. ఒకటి ఇప్పుడు, ఇంకోటి పదేళ్ల తర్వాత. సగం సీసాలో వైన్ త్వరగా ముదురుతుందని మాత్రం గుర్తుంచుకోండి. ఎక్కువ కాలం దాచాలంటే లీటరున్నర మాగ్నమ్ మేలు.

ఎన్నేళ్లు నిలవుంటుంది? ఇంట్లో దాచొచ్చా?

మంచి ఏడాది వైన్ సరైన చోట ఉంటే యాభై ఏళ్లు సులువుగా, కొన్ని వందేళ్లకు పైగా బతికాయి. చక్కెర, పులుపు, ఆల్కహాల్ మూడూ కలిసి కాపాడతాయి. సరైన చోటు అంటే 12, 13 డిగ్రీల స్థిరమైన చల్లదనం, 70 శాతం దాకా తేమ, చీకటి, కదలిక లేకపోవడం. బిరడా తడిగా ఉండేలా సీసాని పడుకోబెట్టాలి.

మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండ ఎంత ఉంటుందో మనకి తెలిసిందే. ఏసీ గదిలో పెట్టాం కదా అంటే కుదరదు. పగలు ఆపేసి రాత్రి వేసే ఏసీ వల్ల వేడి ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, బిరడాకి అదే పెద్ద దెబ్బ. మామూలు ఫ్రిజ్ మరీ చల్లన, మరీ పొడి. ఒకటి రెండు నెలలకి ఫర్వాలేదు. ఏళ్ల తరబడి దాచాలంటే వైన్ ఫ్రిజ్ తప్పదు, దానికి ఇన్వర్టర్ కూడా చూసుకోవాలి. డజన్ల కొద్దీ కొనేవాళ్లు విదేశంలోనే ఉంచేయడం మంచిది. ఇంగ్లండ్‌లో కార్షమ్ దగ్గర పాత రాతి గనిలో, భూమికి దాదాపు 30 మీటర్ల లోతున వైన్ దాచే గోదాం ఉంది. అలాంటి బాండెడ్ గోదాంలలో ఉన్నంతకాలం అక్కడి పన్ను కూడా కట్టక్కర్లేదు, బయటికి తీసినప్పుడే కట్టాలి.

హైదరాబాద్‌కి తెచ్చుకోవచ్చా?

విదేశం నుంచి వచ్చే పెద్దవాళ్లు ఒక్కొక్కరు 2 లీటర్ల దాకా మద్యం సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, అంటే 750 మిల్లీలీటర్లవి రెండు సీసాలు. చెక్-ఇన్ లగేజీలో బట్టల మధ్య బాగా చుట్టి పెట్టండి. దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారుతుంటే నేలమీద ఎండలో ఎంతసేపుంటుందో కూడా ఆలోచించండి. చలికాలం ప్రయాణం మేలు.

అంతకు మించి దిగుమతి చేసుకుంటే కస్టమ్స్ సుంకం చాలా ఏళ్లుగా 150 శాతం. 40,000 రూపాయల బాటిల్‌కి సుంకమే 60,000. ఆపైన రాష్ట్ర ఎక్సైజ్. వాణిజ్య ఒప్పందాలతో రేట్లు మారుతుంటాయి కాబట్టి కొనే రోజు చూసుకోండి.

పెట్టుబడిగా పనికొస్తుందా?

నా అభిప్రాయం: దీని కంటే సులువైన పెట్టుబడులు చాలా ఉన్నాయి. వైన్ వడ్డీ ఇవ్వదు. గోదాం అద్దె, బీమా, వేలం కమిషన్ అన్నీ మీ జేబులోంచే. బోర్డో తీపి వైన్‌లకి గిరాకీ ఎర్ర వైన్‌లకి ఉన్నంత లేదు. డికెమ్ ఆ గుంపులో బలమైన పేరే అయినా, ధర పెరగడానికి ఓపిక పట్టాలి. ఒక తరానికి కానుకగా, పిల్ల పుట్టిన ఏడాది బాటిల్ పెళ్లికి తీయడానికి కొంటే మాత్రం ఇంతకన్నా నమ్మకమైన వైన్ తక్కువ. ఆ ఏడాది 2012 కాకుండా చూసుకోవాలి, అంతే.

ఇంకో సంగతి. మన రాష్ట్రాల్లో ఎక్సైజ్ లైసెన్స్ లేకుండా మద్యం అమ్మడం నేరం. ఇంట్లో ఉన్న పాత బాటిల్‌ని లాభానికి ఫ్రెండ్‌కి అమ్ముతానంటే కుదరదు. అమ్మే ఉద్దేశం ఉంటే అది చట్టబద్ధంగా అమ్ముడుపోయే దేశంలోనే ఉంచాలి.

ఎలా తాగాలి? దేనితో?

10 నుంచి 12 డిగ్రీల చల్లదనంలో, చిన్న గ్లాసులో. ఐస్ వేయొద్దు. ఫ్రాన్స్‌లో రోక్‌ఫోర్ లాంటి ఉప్పటి నీలి చీజ్‌తో తాగుతారు. ఉప్పు, తీపి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మన స్వీట్లతో వద్దు. పూతరేకుల పక్కన పెడితే వైన్ పుల్లగా అనిపిస్తుంది. కారం తక్కువున్న, జీడిపప్పు వేసిన కోడి కూరతో బాగుంటుంది. తెరిచాక బిరడా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వారం పైనే రుచి పోదు. అందుకే ఒక బాటిల్ పదిమందికి, రెండు మూడు రాత్రులకి సరిపోతుంది.

ఇగ్రెక్ అని అదే ఎస్టేట్ పేరుతో చవగ్గా దొరుకుతోంది, అదేనా ఇది?

కాదు. అది 1959లో మొదలుపెట్టిన డ్రై వైన్, అంటే తీపి లేనిది. తోట అదే, పద్ధతి వేరు. దానికదే మంచి వైన్, తీపి కోసం మాత్రం కొనకండి.

తాగేశాక ఖాళీ సీసా ఏం చేయాలి?

పాత సామాన్లవాడికి వేయకండి, ఆన్‌లైన్‌లో అసలు అమ్మకండి. అసలు లేబుల్ ఉన్న ఖాళీ సీసా నకిలీలు చేసేవాడికి పెట్టుబడి లాంటిది. అమెరికాలో నకిలీ వైన్ కేసులో 2014లో పదేళ్ల శిక్ష పడిన రూడీ కుర్నియవాన్, పార్టీల్లో తాగిన సీసాల్ని రెస్టారెంట్ నుంచి తన ఇంటికి పంపించుకునేవాడు. గుర్తుగా దాచుకోవాలంటే లేబుల్ మీద పర్మనెంట్ మార్కర్‌తో తేదీ, తాగినవాళ్ల పేర్లు పెద్దగా రాయండి. లేదంటే పగలగొట్టి పారేయండి.